శుక్రుడికని బయల్దేరి, 53 ఏళ్లకు తిరిగొచ్చింది

2025 మే 10, శనివారం. ఆఫీసు లేదు. మా నాయనమ్మ ఊరి నుంచి వచ్చి హైదరాబాద్‌లో నా దగ్గరే ఉంది. ఆ వారమంతా ఏ ఫోన్ తెరిచినా సరిహద్దు వార్తలే. నేను మాత్రం పొద్దున్నుంచి ఇంకో పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నా. అందులో ఒక ప్రపంచ పటం, దాని మీద అలల్లాగా మెలికలు తిరిగిన గీతలు. ఆ గీతల్లో ఎక్కడో ఒకచోట దాదాపు అర టన్ను బరువున్న లోహపు గుండు ఒకటి పడబోతోంది.

"ఏందే గది? పొద్దుగాల్నుంచి గదే చూస్తున్నవ్" అంది నాయనమ్మ, గోరుచిక్కుడుకాయలు తుంచుతూ.

"పాత అంతరిక్ష నౌక నాయనమ్మా. రష్యా వాళ్లది. ఇవాళ కిందపడుతుందట."

"ఏడ పడ్తదట?"

"అదే తెలీదు."

ఆమె చేతిలో కాయ అట్లాగే ఆగిపోయింది. "మల్ల స్కైలాబా?"

స్కైలాబ్ సంగతి తర్వాత చెప్తా. ముందు ఈ గుండు కథ వినండి. కోడ్ రాసి బతికేవాళ్లెవరైనా ఒకసారి వినాల్సిన కథ.

ఒక టైమర్ తప్పు

దాని పేరు కాస్మోస్ 482. 1972 మార్చి 31న అప్పటి సోవియట్ యూనియన్ బైకనూర్ నుంచి ప్రయోగించింది. వెళ్లాల్సింది శుక్రగ్రహానికి. దానికి నాలుగు రోజుల ముందే, మార్చి 27న, దీని కవల లాంటి వెనెరా 8 బయల్దేరింది. అది జులై 22న శుక్రుడి మీద దిగింది. దాదాపు 470 డిగ్రీల వేడిలో 50 నిమిషాలు పనిచేసి భూమికి సమాచారం పంపింది. ఇప్పటికీ దాన్ని పుస్తకాల్లో గొప్పగా చెప్పుకుంటారు.

ఇక దీని సంగతి. భూమి చుట్టూ కక్ష్యలోకి చేరేదాకా అన్నీ బాగానే జరిగాయి. అక్కడి నుంచి శుక్రుడి దారి పట్టించాల్సిన ఆఖరి ఇంజిన్ మాత్రం మధ్యలోనే ఆగిపోయింది. టైమర్ తప్పుగా సెట్ చేయడం వల్లే అలా జరిగిందని చెప్తారు.

అంతే. ఒక టైమర్. ఈ వాక్యం మొదటిసారి చదివినప్పుడు నాకు కడుపులో తిప్పినట్టయింది. శుక్రవారం సాయంత్రం హడావుడిగా ఒక నంబర్ మార్చి, టెస్ట్ చేయకుండా పంపేసి ఇంటికెళ్లిన రోజు మనలో ఎవరికి లేదు చెప్పండి?

భూమిని వదిలివెళ్లేంత వేగం లేదు. అలాగని వెంటనే కిందపడేంత తక్కువ వేగమూ కాదు. కోడిగుడ్డు ఆకారంలో సాగిన కక్ష్యలో ఇరుక్కుపోయింది. ఒక చివర భూమికి 200 కిలోమీటర్ల పైచిలుకు దగ్గరగా, ఇంకో చివర దాదాపు 9,800 కిలోమీటర్ల దూరంలో.

ఆ రోజుల్లో సోవియట్ వాళ్లకి ఒక అలవాటు ఉండేది. వేరే గ్రహానికి పంపిన నౌక భూమి దగ్గరే ఆగిపోతే, దానికి 'కాస్మోస్' అని పేరు, పక్కన ఒక నంబర్ తగిలించేవాళ్లు. వందల ఉపగ్రహాలకు ఉన్న పేరే అది. శుక్రుడి ఊసే ఎత్తరు. శుక్రుడికి చేరి ఉంటే దీనికీ వెనెరా అనే పేరు దక్కేది. చేరలేదు కాబట్టి 482 అయింది.

పేరు మార్చినంత మాత్రాన ముక్కలు ఊరుకోవు కదా. 1972 ఏప్రిల్ 3న న్యూజిలాండ్‌లోని ఆష్‌బర్టన్ దగ్గర పొలాల్లో టైటానియం గోళాలు పడ్డాయి. ఒక్కోటి 13 కిలోల పైన బరువు. పంటలో గుంటలు పడ్డాయి, అదృష్టం కొద్దీ మనుషులకేం కాలేదు. అంతర్జాతీయ చట్టం ప్రకారం దొరికిన వస్తువును సొంతదారు దేశానికి తిరిగి ఇవ్వాలి. సోవియట్ వాళ్లేమో మాకు తెలీదు పొమ్మన్నారు. సొంతదారే కాదంటే ఎవరికిస్తారు? ఎవరి పొలంలో పడ్డాయో ఆ రైతుకే మిగిలాయి.

53 ఏళ్లు ఎందుకు పట్టింది?

ఊయల ఊపడం ఆపేశాక ఏమవుతుంది? ఒక్కో ఊపుకీ కొంచెం కొంచెం ఎత్తు తగ్గుతుంది. ఇక్కడా అంతే. నౌక భూమికి దగ్గరగా వచ్చిన ప్రతిసారీ పలచటి గాలి తగిలి కాస్త వేగం పోతుంది. ఆ మేరకు అవతలి చివర ఎత్తు తగ్గుతుంది. 9,800 కిలోమీటర్లు మెల్లమెల్లగా కరుగుతూ వచ్చాయి. ప్రధాన భాగం 1981లోనే కిందపడిపోయింది. శుక్రుడి మీద దిగడానికి చేసిన గుండ్రటి ల్యాండర్ మాత్రం పైనే ఉండిపోయింది. మీటరు వ్యాసం, దాదాపు 495 కిలోలు. దాన్ని తయారుచేసిన దేశం 1991లో మాయమైపోయింది. గుండు మాత్రం తిరుగుతూనే ఉంది.

ఎక్కడ పడుతుందో ముందే ఎందుకు చెప్పలేరు? ఇంత రాడార్లు, ఇన్ని సూపర్ కంప్యూటర్లు ఉండి కూడా?

చిక్కంతా వేగంతోనే. ఆ ఎత్తులో తిరిగే వస్తువు గంటకు దాదాపు 27,000 కిలోమీటర్ల వేగంతో పోతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 36 సెకన్లు. సంక్రాంతికి మనకు ఎనిమిది గంటలు పట్టే దారి అది. అంటే పడే టైమ్‌ను ఒక్క నిమిషం తప్పుగా లెక్కేస్తే, పడే చోటు 450 కిలోమీటర్లు జరుగుతుంది. గంట తప్పితే భూగోళంలో మూడింట రెండొంతులు చుట్టేస్తుంది.

టైమ్ తప్పకుండా ఉండాలంటే పైన గాలి ఎంత చిక్కగా ఉందో కచ్చితంగా తెలియాలి. అది రోజూ మారుతుంది. సూర్యుడు ఉగ్రంగా ఉన్నప్పుడు పై వాతావరణం వేడెక్కి, ఉబ్బి, పైకి లేస్తుంది. నౌకను ఇంకాస్త గట్టిగా లాగుతుంది. దానికి తోడు ఆ గుండు ఎలా దొర్లుతోందో కూడా సరిగ్గా తెలీదు. అందుకే నిపుణులు ఒక మోటు లెక్క వాడతారు: ఎంత టైమ్ మిగిలి ఉందో అందులో పది నుంచి ఇరవై శాతం అటూ ఇటూ తేడా రావొచ్చు. ఇంకో రోజులో పడుతుందంటే, రెండున్నర గంటల నుంచి ఐదు గంటల దాకా ముందో వెనకో. ఆలోపు అది భూమిని ఎన్నిసార్లు చుట్టేస్తుందో!

కాబట్టి చెప్పగలిగింది ఒక్కటే. దాని కక్ష్య ఒంపు ప్రకారం, ఉత్తర అక్షాంశం 52కీ దక్షిణ అక్షాంశం 52కీ మధ్యలో ఎక్కడైనా పడొచ్చు. ప్రపంచంలో అత్యధిక జనం ఉండేది ఆ మధ్యలోనే. మనతో సహా.

మామూలు ఉపగ్రహమైతే ఇంత ఆలోచించక్కర్లేదు. దాదాపు 80 కిలోమీటర్ల ఎత్తులో ముక్కలై, చాలావరకు కాలిపోతుంది. బరువులో పది నుంచి నలభై శాతం దాకా మాత్రమే నేలకు చేరుతుందని అంచనా. కానీ ఈ గుండు తయారైందే శుక్రుడి వాతావరణంలోకి దూసుకుపోయి బతకడానికి. అక్కడి గాలి బరువు మన దగ్గరికంటే దాదాపు 90 రెట్లు ఎక్కువ. అంత తట్టుకునేదాన్ని మన గాలి ఏం కాలుస్తుంది? పారాచూట్ ఉంది కానీ, 53 ఏళ్ల తర్వాత అది తెరుచుకుంటుందని ఎవరూ ఆశ పెట్టుకోలేదు. అది లేకుండా పడితే గంటకు సుమారు 240 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుందని లెక్కగట్టారు.

మేక ఒక్కటే పోయింది

ఇవన్నీ నాయనమ్మకు నాకు తెలిసిన భాషలో చెప్పా. అంతా విని, "గప్పుడు కూడ గిట్లనే చెప్పిండ్రు రేడియోల" అంది.

అప్పుడంటే 1979. స్కైలాబ్ అమెరికా వాళ్ల మొదటి అంతరిక్ష కేంద్రం. 77 టన్నులు. 1973లో పైకి వెళ్లింది, 1974 ఫిబ్రవరిలో ఆఖరి వ్యోమగాములు దిగొచ్చేశారు. కొత్తగా రాబోతున్న స్పేస్ షటిల్‌తో దాన్ని పైకి నెట్టొచ్చులే అనుకున్నారు. షటిల్ ఆలస్యమైంది. సూర్యుడు అనుకున్నదానికంటే చురుగ్గా మారాడు. స్కైలాబ్ ముందే కిందికి జారింది.

మన తెలుగు పల్లెల్లో ఆ రోజుల కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఏడాది పుట్టిన కొందరు పిల్లలకు స్కైలాబ్ అనే పేరు పెట్టారు. 2021లో ఆ పేరుతోనే ఓ తెలుగు సినిమా కూడా వచ్చింది. మా ఇంటి కథ మాత్రం ఎక్కడా రాలేదు.

"మీ నాయినకు తొమ్మిదేండ్లుండె గప్పుడు. రేపో ఎల్లుండో మీద పడ్తది, అందరం సచ్చిపోతం అన్నరు. మాకు ఒక్కటే మేక. దాన్ని అమ్మి మీ నాయినకు బట్టలు, పుస్తకాలు కొందామనుకున్నం. మీ తాత ఇన్లే. ఎట్లా పోతం గద, తిని పోదం అని కోసిండు. ఊర్ల సగం మంది గట్లనే జేసిండ్రు. తెల్లారి లేసి చూస్తె ఎవ్వరం పోలే. మేక ఒక్కటే పోయింది."

నేను పడీపడీ నవ్వా. ఆమె నవ్వలేదు. "మీ నాయిన ఆ ఏడు చినిగిన అంగీతోనే బడికి పోయిండు" అంది.

స్కైలాబ్ 1979 జులై 11న పడింది. ముక్కలు పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ పట్టణం చుట్టుపక్కల దొరికాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మా ఊళ్లో చెత్త వేశారంటూ అక్కడి స్థానిక సంస్థ నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది. సరదాకే అయినా రాసింది. నాసా కట్టలేదు. 2009లో ఒక రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర పోగుచేసి కట్టాడు.

ముక్క ఎవరో ఒకరికి తగిలే అవకాశం 152లో ఒకటి అని నాసా అప్పట్లో చెప్పింది. అది 'ప్రపంచం మొత్తంలో ఏదో ఒక మనిషికి' అన్న లెక్క. ఫలానా మనిషికే తగలాలంటే ఆ అవకాశం వేల కోట్లలో ఒకటి కూడా ఉండదు. మా తాత దాకా ఈ లెక్క రాలేదు. 'పడుతుంది' అన్న ఒక్క మాటే వచ్చింది. సగం సమాచారం ఖరీదు మా ఇంట్లో ఒక మేక.

ఎవరిది ఈ ముక్క?

ఇప్పుడూ మన వాట్సాప్‌లో వచ్చేది ఆ సగమే. అందుకే రెండో సగం కూడా చెప్తా. అంతరిక్ష చెత్త తగిలి ఒక మనిషికి ఏడాదిలో గాయమయ్యే అవకాశం పది వేల కోట్లలో ఒకటి కంటే తక్కువని యూరప్ అంతరిక్ష సంస్థ చెప్తోంది. కాబట్టి మీరు హాయిగా మేడ మీద పడుకోవచ్చు. బైక్ మీద హెల్మెట్ మాత్రం మర్చిపోకండి, అసలు ప్రమాదం అక్కడుంది.

కానీ 'ఎవరో ఒకరికి' అన్న లెక్క సున్నా కాదు. 2022 ఏప్రిల్‌లో మన పక్కనే, మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో, ఊళ్ల దగ్గర పెద్ద లోహపు వలయం, గోళాలు పడ్డాయి. చైనా రాకెట్ ముక్కలని నిపుణుల అంచనా. 2024 మార్చిలో ఫ్లోరిడాలో ఒక ఇంటి పైకప్పు చీల్చుకుని ముప్పావు కిలో లోహపు ముక్క లోపలికి పడింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి పారేసిన బ్యాటరీల తాలూకు ముక్క అది. పూర్తిగా కాలిపోతుందని అనుకున్నదే. 2023 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియా తీరానికి కొట్టుకొచ్చిన పెద్ద డబ్బా అయితే మనదే, శ్రీహరికోట నుంచి లేచిన పీఎస్ఎల్‌వీలో మూడో దశ.

నష్టం జరిగితే ఎవరు కట్టాలి? దీనికో అంతర్జాతీయ ఒప్పందం ఉంది. ప్రయోగించిన దేశానిదే పూర్తి బాధ్యత. తప్పు ఉందా లేదా అన్న వాదనే అక్కర్లేదు. తమాషా ఏంటంటే, ఆ ఒప్పందం మీద సంతకాలు మొదలైంది 1972 మార్చి 29న. కాస్మోస్ 482 ఎగరడానికి సరిగ్గా రెండు రోజుల ముందు. ఆ ఒప్పందం కింద ఒక దేశం డబ్బులడిగిన సంఘటన ఇప్పటిదాకా ఒక్కటే. 1978లో అణు రియాక్టర్ ఉన్న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 కెనడాలో కూలింది. కెనడా దాదాపు 60 లక్షల డాలర్లు అడిగితే, చివరికి 30 లక్షలు వచ్చాయి.

అయితే అన్నీ ఇలాగే జరగాలని లేదు. మేఘా ట్రోపిక్స్ గుర్తుందా? ఫ్రాన్స్‌తో కలిసి మన ఇస్రో 2011లో శ్రీహరికోట నుంచి పంపిన వాతావరణ ఉపగ్రహం. మూడేళ్ల కోసం చేసింది, పదేళ్లు పనిచేసింది. వెయ్యి కిలోల ఆ ఉపగ్రహాన్ని కావాలని ఫలానా చోట దించేలా అసలు డిజైన్ చేయలేదు. ఇంకా 120 కిలోల దాకా ఇంధనం మిగిలి ఉంది. ఇస్రో వాళ్లు నెలల తరబడి సుమారు 20 సార్లు దాని కక్ష్య మార్చుతూ, 2023 మార్చి 7న పసిఫిక్ మహాసముద్రంలో జనం లేని చోటికి తీసుకెళ్లి దించారు. ప్రయోగం రోజున టీవీలన్నీ లైవ్ ఇచ్చాయి. దించిన రోజున చప్పట్లు కొట్టినవాళ్లు ఎంతమంది?

నా కాస్మోస్

నేను ఇదంతా ఇంత పట్టుగా చూడటానికి ఒక కారణం ఉంది.

కొన్నేళ్ల క్రితం ఒక చిన్న కంపెనీలో పనిచేశా. ఆసుపత్రుల అపాయింట్‌మెంట్ల యాప్. 'మీ చెకప్ గడువు దాటింది, దయచేసి డాక్టర్‌ను కలవండి' అని పేషెంట్లకు మెసేజ్ పంపే చిన్న స్క్రిప్ట్ ఒకటి రాశా. రెండు వారాల కోసమే, కొత్త సిస్టమ్ రాగానే తీసేద్దాం అనుకున్నాం. కొత్త సిస్టమ్ వచ్చింది. అందరం కేక్ కట్ చేశాం. నా స్క్రిప్ట్ ఒక పాత సర్వర్లో అలాగే ఉండిపోయింది. పంపడానికి లిస్ట్ ఖాళీగా ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. నేను వేరే టీమ్‌కి మారిపోయా.

ఏడాదిన్నర తర్వాత ఎవరో ఏదో పని కోసం పాత డేటాను ఆ సర్వర్లోకి తిరిగి ఎక్కించారు. ఆ రాత్రి నా స్క్రిప్ట్ నిద్రలేచింది. వందల మందికి మెసేజ్‌లు వెళ్లిపోయాయి.

మర్నాడు ఒక కాల్ రికార్డింగ్ వినిపించారు. ఒక అమ్మాయి గొంతు. "మా నాన్న పోయి ఎనిమిది నెలలైందండీ. ఆయన ఫోన్ నా దగ్గరే పెట్టుకున్నా. చెకప్‌కి రమ్మని మీ మెసేజ్ వచ్చింది. ఎవరు పంపారు?" ఆమె అరవలేదు. తిట్టలేదు. ఎవరు పంపారని మాత్రమే అడిగింది. ఇవతల కుర్రాడు ఏం చెప్పగలడు? "అది సిస్టమ్ జనరేటెడ్ మేడమ్" అన్నాడు.

రిపోర్టు రాసే పని నాకే వచ్చింది. 'పాత సిస్టమ్‌లో తలెత్తిన సాంకేతిక లోపం వల్ల' అని మొదలుపెట్టా. అందులో అబద్ధం లేదు. మనిషీ లేడు. అచ్చం కాస్మోస్ 482 లాంటి పేరు. ఆ స్క్రిప్ట్ నాదని టీమ్‌లో ఎవరికీ గుర్తు లేదు. ఊరుకుంటే అక్కడితో పోయేది.

కాసేపు అలాగే చూసి, చెరిపేసి, మళ్లీ రాశా. ఈ స్క్రిప్ట్ నేను రాశాను. ఎప్పుడు ఆగాలో అందులో రాయలేదు. టీమ్ మారేటప్పుడు ఎవరికీ అప్పగించలేదు. పంపేశా. ఉద్యోగం పోలేదు. నేను భయపడ్డంత ఏమీ జరగలేదు. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్తూ మెయిల్ వెళ్లింది, కింద నా పేరుతో. జవాబు రాలేదు. రావాల్సిన అవసరం కూడా లేదు.

అప్పట్నుంచి నేను రాసే ప్రతి చిన్న తాత్కాలిక పనిలోనూ పైన రెండు లైన్లు ఉంటాయి. ఎవరిది, ఎప్పుడు ఆగిపోవాలి. తేదీ దాటితే అదే ఆగిపోతుంది. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఇంతకీ పడిందా?

ఆ శనివారం మధ్యాహ్నం 1:02కి జర్మనీలోని రాడార్‌కు ఆ గుండు మళ్లీ కనిపించాలి. కనిపించలేదు. అంటే ఆ లోపే పడిపోయిందన్నమాట. మన టైమ్ ప్రకారం ఉదయం 11:54కి, మధ్య అండమాన్ దీవికి పశ్చిమంగా 560 కిలోమీటర్ల దగ్గర వాతావరణంలోకి వచ్చి, జకార్తాకు పశ్చిమాన హిందూ మహాసముద్రంలో పడిందని రష్యా సంస్థ రోస్‌కాస్మోస్ లెక్క. పడగా చూసినవాళ్లు లేరు. ముక్క దొరకలేదు.

పటంలో కొలిచి చూశా. ఆ చోటు శ్రీహరికోటకు తూర్పున 800 కిలోమీటర్ల పైచిలుకు దూరం, మన బంగాళాఖాతం మీద. ఆ వేగంతో రెండు నిమిషాల దూరం కూడా కాదు.

"పడ్డదా?" అంది నాయనమ్మ వంటింట్లోంచి.

"పడింది. సముద్రంలో."

"అయితె మేకలు బతికినయ్ తియ్" అని కుక్కర్ మూత పెట్టింది.

సోమవారం ఆఫీసుకి వెళ్లాక మీరొక పని చేయండి. మీరు రాసి మర్చిపోయినవి, మీ పేరుతో ఇంకా తిరుగుతున్నవి ఏమున్నాయో ఒక్కసారి వెతకండి. పాత స్క్రిప్టులు, పాత అకౌంట్లు, ఎప్పుడో ఎవరికో ఇచ్చిన పాస్‌వర్డ్‌లు. పనికిరానివి మీ చేతులతోనే దించేయండి. పనికొచ్చేవాటి మీద పేరు, తేదీ రాయండి. అరగంట పని. వచ్చే వారం కలుద్దాం.